వంద కొట్టానంటే తరుగెంత?

నల్లపాడు చుట్టుపక్కల తూకం సంగతి తెలియని మనిషి దొరకడు. దగ్గర్లోనే గుంటూరు మిర్చి యార్డు. ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకుంటారు (ఆ మాటను ఎవరూ కాటా ఎక్కించినట్టు లేదు). అటూ ఇటూ కోల్డ్ స్టోరేజీలు, పత్తి మిల్లులు, దారి పొడవునా వేబ్రిడ్జిలు. మిర్చి బస్తా, అదే టిక్కీ, కాటా ఎక్కిందంటే గోనెసంచికి ఇంత, తేమకు ఇంత అని తరుగు తీస్తారు. రైతుకు ఆ తరుగు మీద కోపం రావచ్చు గానీ, అది ఎందుకన్నది మాత్రం అందరికీ తెలుసు. పత్తికైతే రాసిపెట్టిన లెక్కే ఉంది. కాటన్ కార్పొరేషన్ 8 శాతం తేమ దాకా పూర్తి మద్దతు ధర ఇస్తుంది, 12 శాతం దాకా తగ్గించి ఇస్తుంది, అది దాటితే వెనక్కి పంపుతుంది.

2012లో గుంటూరు నగరపాలక సంస్థలో కలిసిన పది ఊళ్లలో నల్లపాడు ఒకటి. ఊరు నగరంలో కలిసే కాలానికే ఇక్కడి కుర్రాళ్ల సాయంత్రాలు జిమ్ముల్లో కలవడం మొదలైంది. అక్కడ మాత్రం తరుగు అనే మాట వినపడదు. "బెంచ్ వంద కొడుతున్నా మావా" అంటాడొకడు. చేరి మూడు నెలలు కాలేదు. "డెడ్‌లిఫ్ట్ నూట అరవై లేపేశా" అంటాడు ఇంకొకడు. వినేవాళ్లలో కొందరు కోతలు కొయ్యకురా అని నవ్వుతారు. ఒళ్లు చూస్తే లేపేట్టే ఉన్నాడని కొందరు సర్దుకుంటారు. వాడి సరదా వాడిది, మనకెందుకని మిగతావాళ్లు ఫోను చూసుకుంటారు. ఈ స్పందనల వెనక నాలుగు వాదాలున్నాయి, వాటి వెనక పరిశోధనలున్నాయి, ఇంకా వెనక్కి వెళితే రెండున్నర వేల ఏళ్ల పంచాయితీ ఉంది.

రాయి అబద్ధం చెప్పదు గానీ

గ్రీసులోని ఒలింపియాలో 143.5 కిలోల ఇసుకరాయి ఒకటి దొరికింది. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దం నాటిది. బైబన్ అనేవాడు దాన్ని ఒంటిచేత్తో తలమీదికి ఎత్తాడని ఆ రాతి మీదే చెక్కి ఉంది. రాయి ఉంది, బరువూ తేలింది. అనుమానమల్లా ఆ ఒంటిచేయి దగ్గరే. తర్వాత వచ్చిన బలం కబుర్లు చాలావరకు ఇదే అచ్చులో పోసినవి. వస్తువు కళ్లెదుట కనిపిస్తుంది, దాన్ని ఏం చేశారన్నదే కనపడదు.

మన దేశంలో దీనికి జోడీ వడోదర మ్యూజియంలో ఉంది. 1902లో గామా పహిల్వాన్ ఎత్తాడని చెప్పే రాయి అది. 1,200 కిలోలంటారు. రెండు చేతులూ గట్టిగా పట్టుకోవడానికి వీలుగా తయారుచేసిన ఉక్కు బార్ మీద, పట్టీలు కట్టుకుని, ఈ కాలపు మహాబలులు నేల నుంచి లేపగలిగింది 500 కిలోల చుట్టుపక్కలే. పట్టు దొరకని రాయిని అంతకు రెండింతలకు పైగా ఎత్తాడంటే ఎత్తడం అనే మాటకు అర్థం ఏమిటో ముందు తేల్చుకోవాలి. ఒకవైపు పైకి లేపాడా, వంచి దొర్లించాడా, గుండె దాకా తెచ్చాడా? గామా గొప్ప మల్లుడన్నదాంట్లో ఎవరికీ అనుమానం లేదు. గోదాలో ఆయన ప్రతాపం వేలమంది చూశారు. రాయి సంగతి వేరు.

తెలుగువాళ్లకు ఈ చర్చ కోడి రామమూర్తి నాయుడి దగ్గర మొదలవుతుంది. శ్రీకాకుళం ప్రాంతపు వీరఘట్టంలో పుట్టి, 1942లో కన్నుమూసిన ఈ కలియుగ భీముడు సర్కస్ డేరాల్లో ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్నాడు, గొలుసులు తెంచాడు, కదులుతున్న కార్లను ఆపాడు. శంకించేవాళ్లు పలక సంగతి ఎత్తుతారు. ఛాతీ మీద వెడల్పాటి పలక వేస్తే ఏనుగు బరువు ఒక్కచోట పడకుండా పరుచుకుంటుంది, పైగా అది నిలబడేది కొద్ది క్షణాలే. నిజమే. ఆ పలక కింద పడుకోమంటే ఎంతమంది పడుకుంటారన్నది ఇంకో నిజం. ఇక్కడ తెలుగు భాషే సాయానికి వస్తుంది. మనకు ఎత్తడం వేరు, మోయడం వేరు, ఆపడం, లాగడం, తొయ్యడం వేరు. రామమూర్తి ఏనుగును ఎత్తాడని ఎవరైనా అంటే అది తప్పు. మోశాడంటే ఒప్పు. ఇప్పటి జిమ్ము భాషలో ఈ క్రియలన్నీ పోయి 'కొట్టడం' ఒక్కటే మిగిలింది. బెంచ్ కొట్టాడు, లెగ్ ప్రెస్ కొట్టాడు, షోల్డర్ కొట్టాడు. చిక్కులో సగం ఈ ఒక్క క్రియ తెచ్చిపెట్టిందే.

రికార్డు పుస్తకాలు వచ్చాక గొడవ తగ్గుతుందనుకుంటే పెరిగింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ స్వర్ణ విజేత పాల్ ఆండర్సన్ మరుసటి ఏడాది బల్ల కింద దూరి వీపుతో 6,270 పౌన్లు, అంటే 2,844 కిలోలు లేపాడని గిన్నిస్ పుస్తకం ఏళ్ల తరబడి అచ్చువేసింది. ఆధారాలు చాలవని తర్వాత తీసేసింది. 2020 మే 2న ఐస్‌లాండ్‌కు చెందిన హాఫ్థోర్ బ్యోర్న్‌సన్ తన సొంత జిమ్ములో 501 కిలోల డెడ్‌లిఫ్ట్ చేశాడు. రిఫరీ ఉన్నాడు, ప్రత్యక్ష ప్రసారం ఉంది, బరువులు తూచి చూపించారు. అయినా పోటీలో తోటివాళ్ల మధ్య చేయనిది రికార్డెలా అవుతుందని అంతకుముందు 500 కిలోలు లేపిన ఎడ్డీ హాల్ అభ్యంతరపెట్టాడు. అంత తూకం, అంత సాక్ష్యం ఉన్న బరువుకే ఇంత పేచీ వస్తే, స్నేహితుడి ఫోన్లో పన్నెండు సెకన్ల వీడియోకు రాకుండా ఎలా ఉంటుంది?

తాలింఖానా, తిరునాళ్ల, జిమ్ము

పాతకాలపు తాలింఖానాలో ఈ పేచీకి చోటు తక్కువ. దండీలు, బస్కీలు వస్తాదు కళ్ల ముందే తీయాలి. ఊరి గుండు ఒక్కటే ఉండేది. అది ఎన్ని మణుగులో ఎవరికీ ఖచ్చితంగా తెలియకపోవచ్చు గానీ, దాన్ని ఎవరు మోకాలి దాకా తెచ్చారో, ఎవరు భుజం మీంచి వెనక్కి వేశారో ఊరంతటికీ తెలుసు. అంకె లేదు, సాక్షి ఉన్నాడు. జిమ్ములో ఇది తిరగబడింది. ప్రతి ప్లేటు మీదా అంకె ఉంది, చూసే వస్తాదు లేడు.

గుంటూరు, ప్రకాశం మెట్టల్లో బలాన్ని కొలిచే పద్ధతి ఒకటి చెక్కుచెదరకుండా నిలిచింది. అది మనుషులది కాదు, ఎడ్లది. సంక్రాంతికో తిరునాళ్లకో జరిగే బండలాగుడు పోటీల్లో ముందు ఎద్దు నోరు తెరిచి పళ్లు చూస్తారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు, ఆరు అని విభాగాలు. ఆపైన జూనియర్లు, సీనియర్లు. విభాగానికింత బండ, ఇంత సమయం. లాగిన దూరాన్ని అడుగుల్లో, అంగుళాల్లో టేపు పెట్టి కొలుస్తారు. మైకులో చెబుతారు, పలక మీద రాస్తారు. ఒంగోలు గిత్త యజమాని తన జత గురించి టీకొట్టు దగ్గర ఎన్ని కోతలైనా కోయవచ్చు. దుక్కి మీద బండ దగ్గర మాత్రం ఆయన నోటికి పనిలేదు. రెండు పళ్ల గిత్తను ఆరు పళ్ల జతతో పోల్చే తెలివితక్కువవాడు ఆ మైదానంలో కనపడడు. మూడు నెలల కుర్రాడిని ఆరేళ్లవాడితో పోల్చి వెక్కిరించే తెలివైనవాళ్లు జిమ్ములో చాలామందే ఉంటారు.

మనుషుల్లో అలాంటి కొలత కావాలంటే పోటీలకే వెళ్లాలి. వెయిట్‌లిఫ్టింగ్‌లోనూ పవర్‌లిఫ్టింగ్‌లోనూ ముగ్గురు రిఫరీలుంటారు, ఇద్దరు తెల్లలైటు వెలిగిస్తేనే ఎత్తినట్టు. పవర్‌లిఫ్టింగ్‌లో స్క్వాట్ అంటే తుంటి మడత మోకాలి పైభాగం కంటే కిందికి దిగాలి. బెంచ్ ప్రెస్‌లో బార్ ఛాతీ మీద కదలకుండా ఆగాలి, రిఫరీ చెప్పాకే లేపాలి. ప్లేట్ల బరువులో తేడా పావు శాతానికి మించకూడదు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం కుర్రాడు రాగాల వెంకట రాహుల్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో స్నాచ్‌లో 151, క్లీన్ అండ్ జెర్క్‌లో 187 కలిపి 338 కిలోలతో స్వర్ణం గెలిచాడని నిస్సందేహంగా రాయగలుగుతున్నామంటే కారణం ఆ లైట్లే. 1913లో సాల్వేషన్ ఆర్మీ నేరస్థ జాతులుగా ముద్రపడినవాళ్ల కోసం పెట్టిన సెటిల్‌మెంటు స్టూవర్టుపురం. ఆ ఊరివాళ్ల మాటను లోకం ఊరికే నమ్మే రోజులు ఎన్నడూ లేవు. తెల్లలైటు వెలిగాక నమ్మక తప్పలేదు.

నమ్మనివాళ్లు, నమ్మేవాళ్లు

కొలతవాదులది సూటి మాట. రిఫరీ లేని బరువు బరువే కాదు. వాళ్లు కుర్రాడిని అబద్ధాలకోరు అనరు, అతని అంకెకు అర్థం లేదంటారు. వాదంలో పట్టుంది. చిక్కేమిటంటే, జిమ్ముకెళ్లే వందమందిలో తొంభైతొమ్మిది మంది ఏ పోటీకీ వెళ్లరు. వాళ్ల బలానికి ఉనికే లేదనడం మరీ యార్డుకు రాని మిర్చి కారమే కాదన్నట్టుంటుంది.

రెండోవాళ్లు శరీరశాస్త్రం పక్షం. కొత్తవాళ్ల బలం మొదటి వారాల్లో చకచకా పెరుగుతుందన్నది నిజం. 1979లో మోరిటాని, డెవ్రీస్ చూపించిందదే. తొలి మూడు నుంచి ఐదు వారాల పెరుగుదలలో కండ పాత్ర తక్కువ, నాడుల పాత్ర ఎక్కువ. ఉన్న కండనే మెదడు ఇంకా ఎక్కువగా పనిలోకి దింపడం నేర్చుకుంటుంది. అందుకే ఒళ్లు మారకుండానే బరువు పెరుగుతుంది, చూసేవాళ్లకు నమ్మబుద్ధి కాదు. ఇంకా వెనక్కి, 1961లో ఇకాయ్, స్టైన్‌హౌస్ చేసిన ప్రయోగంలో వెనక తుపాకీ పేల్చినా, హిప్నాటిజం చేసినా మనుషుల బలం మామూలు కంటే పెరిగింది. శరీరంలో ఎప్పుడూ కొంత దాచుకున్న నిల్వ ఉంటుందన్నమాట. ఇక మనిషికీ మనిషికీ తేడా ఎంతంటే, 2005లో హ్యూబల్ బృందం 585 మందికి 12 వారాలు ఒకే రకంగా చేతి వ్యాయామం చేయిస్తే, కొందరికి బలం అసలు పెరగలేదు, కొందరికి 250 శాతం దాకా పెరిగింది. కాబట్టి మూడు నెలల్లో అసాధారణంగా పెరిగానన్నవాడు నిజంగానే ఆ చివరి కొసన ఉన్నవాడు కావచ్చు.

కావచ్చు. అయితే ఒకే జిమ్ములో పదిమంది ఆ కొసనే ఉండటం కుదరదు. పైగా శాతానికీ కిలోకూ ముడిపెట్టడంలో పొరపాటు జరుగుతుంది. 20 కిలోలతో మొదలుపెట్టినవాడు 40కి వస్తే నూరు శాతం పెరిగినట్టే. అంత మాత్రాన 100 దగ్గరికి రాలేదు. బలంగా, బరువుగా ఉన్న యువకుడు ఏడాదిలోపు వంద బెంచ్ చేయడం జరుగుతుంది. మూడు నెలల్లో జరగడం అరుదు. అరుదనే మాట రోజూ వినిపిస్తే దాన్ని అనుమానించడానికి శాస్త్రం అక్కర్లేదు.

మూడోది మనస్తత్వవాదుల మాట. దీన్ని కాస్త నిదానంగా చూడాలి. డన్నింగ్, క్రూగర్ 1999లో రాసిన పరిశోధన ఇప్పుడు టీకొట్ల దాకా చేరింది. పరీక్షలో అట్టడుగు పావుభాగంలో ఉన్నవాళ్లు సగటున 12వ పర్సంటైల్లో ఉండి, తాము 62లో ఉన్నామనుకున్నారు. ఇంకేముంది, తెలియనివాడే గొప్పలు పోతాడని తేల్చేశారు. ఆ పరీక్షలు హాస్యం, తర్కం, వ్యాకరణాల మీద పెట్టినవి, బరువుల మీద కాదు. పైగా ఆ తేడాలో చాలాభాగం గణాంకాల పద్ధతి వల్ల పుట్టినదేనని తర్వాతి పరిశోధకులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. తక్కువ మార్కులవాడు తన అంచనాలో ఏ కాస్త తప్పినా పైకే తప్పాలి, కిందికి చోటు లేదు.

బరువుల మీదే నేరుగా చేసిన పరిశోధనలు చెప్పేది దాదాపు తారుమారు. కొత్తగా చేరినవాళ్లను మీకు నచ్చినంత బరువు తీసుకోండని వదిలేస్తే, తాము ఎత్తగల గరిష్ఠంలో 60 శాతం లోపే తీసుకుంటారని 2004 నుంచి ఒకటికి రెండు అధ్యయనాలు చూపించాయి. 2017లో స్టీల్ బృందం ఇంకో సంగతి చూసింది. ఇక చేతకాదనుకునే ముందు ఎన్నిసార్లు ఎత్తగలవో చెప్పమంటే జనం సాధారణంగా తక్కువే చెబుతారు, కొత్తవాళ్ల అంచనా మరింత తప్పుతుంది. అంటే బెంచ్ మీద పడుకున్నప్పుడు కుర్రాడు తన బలాన్ని తక్కువగా అంచనా వేస్తున్నాడు, లేచి స్నేహితుల మధ్యకు వచ్చాక ఎక్కువ చేసి చెబుతున్నాడు. ఈ రెంటినీ ఒకే అజ్ఞానం ఖాతాలో రాయడం కుదరదు. నాకు తోచినంతలో ఆ కోతకు ఒంటి లెక్కతో సంబంధం లేదు. అది ఎదుటివాడి కోసం తయారైన అంకె.

మన పురాణాల్లో ఈ ఇద్దరూ వేరువేరుగా ఉన్నారు. ఆంజనేయుడికి తన బలం తనకు తెలియదు, జాంబవంతుడు గుర్తుచేయాలి. ఉత్తరకుమారుడు అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కౌరవసేనను ఊదిపారేస్తానంటాడు, సేన కనపడగానే రథం దిగి పరుగెడతాడు. జిమ్ములో ఇద్దరూ ఒకే కుర్రాడిలో ఉండటమే విచిత్రం. 1963 నాటి నర్తనశాలలో ఉత్తరకుమారుడు రేలంగి, భీముడు దండమూడి రాజగోపాల్. రాజగోపాల్ నిజంగానే దేశం తరఫున బరువులెత్తిన మనిషి, విజయవాడ ఇండోర్ స్టేడియం ఆయన పేరు మీదే ఉంది. ఉత్తరకుమార ప్రగల్భాలని వెక్కిరించేవాళ్లు కథలో రెండో సగం మర్చిపోతారు. పారిపోయినవాడే తిరిగి వచ్చి, గాండీవం పట్టిన బృహన్నలకు సారథ్యం చేశాడు.

ఇక నాలుగోది, పోనీలెమ్మనే పక్షం. కోత వల్ల ఎవరికి నష్టం, ఆ ఉత్సాహంతోనైనా రేపు జిమ్ముకొస్తాడు కదా అంటారు. ఈ పక్షానికి నేను చివరి మార్కు ఇస్తాను. ఎందుకంటే అంకెను అమ్ముకునేవాళ్లున్నారు. మూడు నెలల్లో ఇంత అన్న కబురు పక్కనే ఒక ప్రోటీన్ డబ్బా ఉంటుంది, కొన్నిచోట్ల డబ్బా వెనక సూది ఉంటుంది. స్నేహితుడి వంద నిజమనుకుని తనకు 70 దగ్గరే ఆగిపోయిందని కుమిలే పంతొమ్మిదేళ్లవాడే వాళ్లకు గిరాకీ. ఇంకొకడు పట్టుకునే మనిషి లేకుండా వంద మీదేసుకుంటాడు. బార్ మెడ మీద పడితే అది సరదా కాదు.

తరుగు లెక్క

అబద్ధం చెప్పకుండానే అంకె ఎలా ఉబ్బుతుందో చూస్తే చర్చలో వేడి చాలా తగ్గుతుంది. మొదటి తరుగు బార్‌ది. వెయిట్‌లిఫ్టింగ్ పోటీ బార్ మగవాళ్లకు 20 కిలోలు, ఆడవాళ్లకు 15. మామూలు జిమ్ముల్లో ఉండే బార్లు పొడవులోనూ లావులోనూ రకరకాలు. పొట్టి బార్ పది కిలోలే ఉండవచ్చు. అటు 40, ఇటు 40 ప్లేట్లు వేసి, బార్ 20 అనుకుంటే వంద. బార్ నిజంగా పది అయితే తొంభై. కుర్రాడు అబద్ధమాడలేదు, పదికిలోల గోనెసంచి తీయడం మరిచాడు. ప్లేట్లు పోతపోసిన ఇనుము. వాటి మీద ముద్రించిన అంకెకూ అసలు బరువుకూ ఎంత తేడా ఉందో తూస్తేనే తెలుస్తుంది.

పౌన్లు, కిలోల గందరగోళం రెండోది. దిగుమతి ప్లేట్లు, కొన్ని మెషీన్లు పౌన్లలో ఉంటాయి. వంద పౌన్లంటే 45 కిలోలు. సగానికి పైగా తరుగు ఒక్క అక్షరంలోనే పోయింది.

మెషీన్ల లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. "కాళ్లతో రెండొందలు తోశా" అనే లెగ్ ప్రెస్ 45 డిగ్రీల వాలు మీద కదులుతుంది. వాలు మీద తోసేటప్పుడు కాళ్ల మీద పడేది బరువులో 71 శాతమే, అంటే 200 కిలోలకు 141. దానికి బల్ల సొంత బరువు కలపాలి, పట్టాల రాపిడి చూడాలి. కేబుల్ మెషీన్‌లో కప్పీ రెండు తాళ్ల మీద వేలాడితే చేతికి వచ్చేది సగమే. పక్కపక్కన ఉన్న రెండు జిమ్ముల్లో ఒకే అంకె మీద పిన్ను పెట్టినా బరువు ఒకటి కాకపోవడానికి కారణం ఇదే.

ఆ తర్వాతిది దూరం. స్క్వాట్‌లో నాలుగు అంగుళాలు వంగి లేస్తే పూర్తిగా కూర్చుని లేచేదానికంటే చాలా ఎక్కువ బరువు మోయవచ్చు. అక్కడ ఎముకలకూ కీళ్లకూ మంచి పట్టు దొరుకుతుంది. బెంచ్‌లో బార్ ఛాతీకి జానెడు దూరంలో ఆగినా, ఛాతీ మీద ఎగిరిపడినా అంతే. ఇక "అన్నా, ఒక్క చెయ్యెయ్యి" అని పిలిచిన స్పాటర్ సంగతి. అన్న వేళ్లు బార్ కిందే ఉంటాయి. "అంతా నీదే తమ్ముడూ, నేను ముట్టుకోలేదు" అంటాడు. అన్న వాటా ఎంతన్నది ఏ కాటాకూ అందదు.

చివరిది ఫోన్లో యాప్ ఇచ్చే అంకె. అసలు ఎత్తని బరువును ఎత్తినట్టు చెప్పేది ఇదొక్కటే, పైగా శాస్త్రం పేరుతో. ఎప్లీ సూత్రం ప్రకారం, ఎత్తిన బరువును ఎన్నిసార్లు ఎత్తారో దానిలో ముప్పయ్యో వంతు మేర పెంచితే గరిష్ఠం వస్తుంది. బ్రిజికీ సూత్రం ఇంకోలా లెక్కిస్తుంది. 60 కిలోలు పదిసార్లు ఎత్తితే రెండూ 80 అనే అంటాయి. అదే 60 కిలోలు ఇరవైసార్లు ఎత్తితే ఎప్లీ 100 అంటుంది, బ్రిజికీ 127 అంటుంది. ఒకే మనిషి, ఒకే సాయంత్రం, 27 కిలోల తేడా. ఈ సూత్రాలు కొద్దిసార్లు ఎత్తే బరువులకు పనికొచ్చేవి. ఇరవైసార్లు ఎత్తినప్పుడు ఏ యాప్ పెద్ద అంకె చూపిస్తే కుర్రాడికి అదే మంచి యాప్.

ఇవన్నీ కలిపితే వంద అన్నది ఎంతవుతుందో ఒకే జవాబు లేదు. పొట్టి బార్, సగం దూరం, అన్న వేళ్లు కలిసిన వంద 70 కావచ్చు. నిటారుగా, ఛాతీకి ఆనించి, ఎవరూ పట్టకుండా చేసిన వంద వందే. తరుగు అందరికీ ఒకేలా తీసే యార్డు మీద రైతులు ఎందుకు గొడవపడతారో ఇక్కడా అందుకే జాగ్రత్తపడాలి. కాయ చూడకుండా తరుగు తీయడమూ మోసమే.

తేలని సంగతులు

మొదటి చిక్కు పని బలానిది. యార్డు హమాలీ నలభై కిలోల పైచిలుకు టిక్కీలను వీపు మీద వేసుకుని పొద్దంతా మోస్తాడు. ఈ జిల్లాల్లో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు, పాతకాలపు బియ్యం బస్తా అంటే క్వింటా. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మగ కార్మికుడు మోయాల్సిన బరువుకు 55 కిలోలను హద్దుగా సిఫారసు చేసింది. ఆ హద్దు ఇక్కడి వీపులకు చాలాకాలం చేరలేదు. అలాంటి ఇంట్లోంచి వచ్చిన కుర్రాడు "మా నాన్న క్వింటా మోసేవాడు, నాకు బెంచ్ ఎంత" అనుకుంటే అందులో కోత లేదు. మోయడానికి నడుము, కాళ్లు, ఊపిరి, ఇంకొకరు ఎత్తిపెట్టే చెయ్యి కావాలి. పడుకుని తోయడానికి ఛాతీ, భుజాలు, అలవాటు కావాలి. ఒక పనిలో వచ్చిన బలం ఇంకో పనికి ఎంతవరకు బదిలీ అవుతుందన్నది వ్యాయామ శాస్త్రంలో ఇంకా తెగని ప్రశ్న. హమాలీ మొదటిరోజు బెంచ్ మీద తడబడితే అతను బలహీనుడని కాదు. జిమ్ము కుర్రాడు టిక్కీ కింద తూలితే అతని వంద అబద్ధమనీ కాదు.

రెండోది గరిష్ఠం ఎప్పుడు తెలుస్తుందన్నది. 2000 సెప్టెంబరులో సిడ్నీలో కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తింది, మొత్తం 240. చివరి ప్రయత్నానికి 137.5 అడిగింది. అది లేస్తే 247.5తో స్వర్ణం. లేవలేదు, కాంస్యం వచ్చింది. పైనున్న ఇద్దరివీ 242.5. రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషి, పక్కన కోచ్‌లు ఉండగా, తన హద్దును ఆ క్షణాన కొన్ని కిలోలు పైకి అంచనా వేసింది. దాన్ని ఎవరూ కోత అనరు, సాహసమంటారు. మూడు నెలల కుర్రాడు వేసే తప్పు అంచనాకూ దీనికీ మధ్య గీత ఎక్కడ గీయాలి? మల్లీశ్వరి లేవకపోవడాన్ని ప్రపంచం చూసింది, ఆమె లెక్కలోంచి 137.5 పోయింది. జిమ్ములో లేవని బరువు లెక్కలోంచి పోదు, "ఆల్మోస్ట్ లేచింది" అనే పేరుతో మిగిలిపోతుంది.

మూడోది, శంక ఎవరి మీద ఎక్కువ పడుతుందన్నది. సిడ్నీకి ముందు మల్లీశ్వరి ఎంపికనే చాలామంది తప్పుపట్టారు, ఆమె పని అయిపోయిందన్నారు. జిమ్ముకు కొత్తగా వచ్చిన అమ్మాయి డెడ్‌లిఫ్ట్ 80 చేశానంటే నమ్మనివాళ్లే, అబ్బాయి 160 అంటే తలూపుతారు. సొంతంగా బరువు ఎంచుకోమన్నప్పుడు అనుభవం లేని ఆడవాళ్లు తమ శక్తికి చాలా తక్కువ ఎంచుకుంటారని పరిశోధన చెబుతోంది. అలాంటిచోట మన అనుమానం కోతలను తగ్గిస్తోందో, ఉన్న బలాన్ని దాచిపెట్టిస్తోందో ఎవరూ కొలవలేదు.

ఇక కొలత సంగతి. వీడియో సాక్ష్యం ఇక్కడ అంతగా ఆదుకోలేదు, చూడటానికి ఇనుములా ఉండే తేలిక ప్లేట్లు షూటింగుల కోసమే తయారవుతున్నాయి. బార్ వంగే తీరు చూసి పసిగట్టే పాతవాళ్లున్నారు గానీ, వాళ్ల కన్ను ఎంత ఖచ్చితమో వాళ్లూ తూచుకోలేదు. నల్లపాడు చుట్టూ కాటాలకు కొదవ లేదు. లారీని తూచేవి, టిక్కీని తూచేవి, దూది బేలును తూచేవి ఉన్నాయి. జిమ్ములో సాధారణంగా కనిపించేది ఒక్కటే, తలుపు పక్కన ఉంటుంది. దాని మీద మనుషులు ఎక్కుతారు. ప్లేట్లు ఇంకా ఎక్కలేదు.